పదో విస్తరి

అనగనగా అంటే ఎంత అనగనగా అని అడక్కండి. మా నాయనమ్మని నేనూ అలాగే అడిగితే నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. కొండ మీద ఒక కోట ఉండేది. కోట కింద ఒక ఊరు ఉండేది. ఊరి పక్కన ఒక వాగు ఉండేది. వానలు పడిన ఏడు వాగులో నీళ్ళుండేవి, పడని ఏడు ఇసకుండేది. అప్పటి సంగతి ఇది. ఊ కొడుతూ వినండి. ఊ కొట్టనివాళ్ళకి సగం కథే దొరుకుతుంది.

ఆ కోటకి ఒక కిల్లేదారు ఉండేవాడు. కోటని చూసుకోమని పట్నం నుంచి పంపిన పెద్దమనిషి అన్నమాట. ఆయన పేరేమిటో ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయనకి గుర్రాలుండేవి, బంట్లుండేవాళ్ళు, ముగ్గురు బానిసలుండేవాళ్ళు. ఆ ముగ్గురి పేర్లు మాత్రం మా ఇళ్ళలో పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తారు.

ఒకడు ఫిరోజు. ఏదో యుద్ధంలో చిక్కినవాడు. కోట తలుపు తీసీ వేసీ నడుము వంగిపోయింది. ఒకామె మర్జాను. వంటింటి మనిషి. ఒకతి చమేలి. పద్నాలుగేళ్ళ పిల్ల. వాగు అవతలి ఊళ్ళో కరువొచ్చినప్పుడు కన్నవాళ్ళే రెండు కుంచాల జొన్నలకి ఇచ్చేశారు. అప్పటికి దానికి నాలుగేళ్ళు. మర్జానే పెంచింది.

ఆ రోజుల్లో మనిషిని కొనుక్కున్నవాళ్ళు పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టేవాళ్ళు. రాళ్ళ పేర్లు, పూల పేర్లు, అత్తర్ల పేర్లు. ఫిరోజా అంటే నీలంగా మెరిసే రాయి. మర్జాన్ అంటే పగడం. చమేలి అంటే జాజిపువ్వు. పేర్లు వింటే నగల పెట్టె తెరిచినట్టుండేది. పడుకునేది మాత్రం గుర్రపుశాల పక్క కొట్టంలో.

మర్జానుది హబ్షీల దేశం. సముద్రానికి అవతల, ఆఫ్రికాలో ఉంది. చిన్నపిల్లప్పుడు ఎత్తుకొచ్చి ఓడెక్కించారు. ఓడ దిగాక ఒకడు అమ్మాడు, ఒకడు కొన్నాడు, ఇంకొకడు పెళ్ళి కానుకగా ఇచ్చాడు. మూడు చేతులు మారి ఈ కోటకొచ్చింది. మీ అమ్మ పెట్టిన పేరేంటి అని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించి, "పోయింది" అనేది. గరిటె ఎక్కడో పడిపోయిందన్నట్టు చెప్పేది. ఆ ఒక్క మాట దగ్గర నేను ఎప్పుడూ కథ ఆపి కాసిని మంచినీళ్ళు తాగుతాను. కొంచెం ఆగనివ్వండి.

సరే. కిల్లేదారు సాబు చెడ్డవాడు కాదు. మంచివాడూ కాదు. నోటి దురుసు మనిషి. ప్రతిదానికీ "వల్లాహి" అనేవాడు. దేవుడి మీద ఒట్టు అని దానర్థం. వల్లాహి, వంకాయ ముట్టను అనేవాడు, సాయంత్రానికి వంకాయ తినేవాడు. వల్లాహి, ఆ గుర్రం ఎక్కను అనేవాడు, తెల్లారేసరికి దాని మీదే ఉండేవాడు. కానీ ఆయనకి ఒక్క భయం ఉండేది. తప్పిన ఒట్టు తల మీద ఉంటే అన్నం సహించేది కాదు. గుమ్మం దాటి ప్రయాణం పెట్టుకునేవాడు కాదు. వెంటనే ఖాజీ సాబుని పిలిపించేవాడు.

ఖాజీ అంటే వాళ్ళ ధర్మం చదివినవాడు, తీర్పు చెప్పేవాడు. ఈ ఖాజీ ఎండిన మునక్కాయలా ఉండేవాడు. ఎవరు అడిగినా ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేవాడు. "ఒట్టు తప్పినోనికి దేవుడు తొవ్వలు చూపిచ్చిండు. ఒక మెడ ఇడిపించు. లేదా పదిమంది పేదలకి కడుపునిండ అన్నం పెట్టు. లేదా పదిమందికి బట్టలు పెట్టు. ఈ మూడింట్ల ఏదీ చేతగానోడు మూడు రోజులు ఉపాసముండాలె." మెడ విడిపించడం అంటే బానిసని వదిలేయడం. వాళ్ళలో అలాగే అంటారు.

మరి సాబు ఏ దారి పట్టేవాడు? అన్నం చవక, మనిషి ఖరీదు. ప్రతిసారీ పదిమందికి అన్నం పెట్టించేవాడు. దేవుడు నాలుగు దారులు చూపిస్తే ఈయన దగ్గరి దారి చూసుకున్నాడు. ఆయన్నేం అనక్కర్లేదు. మనలో ఎవరం దూరపు దారి పట్టాం గనక.

అలా ఒట్టు తప్పినప్పుడల్లా డప్పు కొట్టేవాళ్ళు. ఊళ్ళోంచి పదిమంది పోయేవాళ్ళు. కోట ముంగిట్లో పది మోదుగాకు విస్తళ్ళు వేసేవాళ్ళు. మర్జాను వండేది, మర్జానే వడ్డించేది. వడ్డిస్తూ ఒక్కొక్కరి దగ్గరా వంగి అడిగేది. "నిండిందా? నిండకుంటే అడుగు. అడిగితే పెడత." ఊరికే అనే మాట కాదది. అడిగితే పెట్టేది. అడగనివాళ్ళ మొహం చూసి కూడా పెట్టేది. ఊళ్ళోవాళ్ళు పొద్దున లేస్తూనే దేవుడా, ఇవాళ సాబు ఏదో ఒక ఒట్టు పెట్టాలి అని దండం పెట్టుకునేవాళ్ళు. సాబు చల్లగా ఉండాలని దీవించి మరీ వచ్చేవాళ్ళు. ఆ అన్నానికి ఇంకో పక్క ఏముందో వాళ్ళకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా కరువొచ్చింది. ఒక ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. ఊరంతా చింతచిగురు ఉడకబెట్టుకుని తింటోంది. అది కూడా దొరికినవాళ్ళు.

అప్పుడు మా పీరమ్మ వచ్చింది కథలోకి. మా పీరమ్మ అన్నానని నవ్వకండి. దూదేకులవాళ్ళం మేము, మా ఇంట్లో చెప్పుకోవడానికి ఉన్న ఒక్క గొప్ప ఆమె. నాకున్న నోరు కూడా ఆమె నుంచి వచ్చిందే అని మా ఆయన అంటాడు. పీరమ్మ కోటకి పోయి పాత బొంతలు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేది. ఒక సోమవారం పొద్దున అదే పని మీద పోయింది. వంటింటి వెనక కూర్చుని మర్జాను కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందే మర్జానూ? ఏడుస్తున్నవా?"

"పొగ."

"పొయ్యిల నిప్పే లేదు, పొగెక్కడిది?"

మర్జాను కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెప్పింది. "చమేలిని బేస్తారంనాడు బండెక్కిస్తరంట. పట్నంల పెద్ద సాబుకి నజరానా. సాబే ఎంబడి తీస్కపోతడు. ఆ పెద్దింట్లకి పోయిన పిల్లలు మల్ల కానరారు, పీరమ్మా. నేను చిన్నగున్నప్పుడు గట్లనే పోయిన. మా అమ్మకి నేను మల్ల కానరాలే."

"దీనికి అడ్డమే లేదా?"

"ఒక్కటుంది. కానీ నాకు నోరు రాదు." ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని చూసుకుంది. "సాబు నిన్న హుక్కా ముట్టనని ఒట్టేసిండు. పొద్దుగూకక ముందే పీల్చిండు. ఒట్టు తీరంది ఆయన తొవ్వ పట్టడు. పదిమంది తింటే తీరుతది. పదిమంది రాకుంటే ఒక మెడ ఇడిపించాలె. ఇడిచిన మనిషిని ఎవ్వరికీ ఇయ్యరాదు."

పీరమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "మల్లొకసారి చెప్పు."

మర్జాను మళ్ళీ చెప్పింది.

"అంటే ఇన్నేండ్లు మేం తిన్న ప్రతి పూట..."

"మీకేం తెలుసు?"

"మేం తిన్న ప్రతి పూట మీలో ఒకరి మెడ ఇడువకుంట పట్టుకున్నట్టే గద. దీవించి వస్తుంటిమి గద మేం."

"మీరు తింటుంటే నాకు సంబురమైతుండె. అబద్ధం చెప్తలే."

"మరి మమ్ముల అడగకపోయినవా, రావద్దని?"

"ఎట్లడుగుత? కరువు నడుస్తుంది. నా చేత్తోని పెట్టినోళ్ళని నా నోటితోని తినకుండ్రి అంటనా? చమేలి నా పిల్ల. ఆకలి మీది. నా పిల్ల కోసం మీరెందుకు మాడాలె?"

పీరమ్మ లేచి నిలబడింది. "నీకు నోరు రాకుంటే నాకొస్తది. ఊరందరికంటె పెద్ద నోరు నాదే."

"ఒక్కసారితోని కాదు పీరమ్మా. సాబు ముందుగాల ముసలోన్ని ఇడుస్తడు. అటెనక నన్ను. చమేలి నజరానాకి ఇచ్చే పిల్ల, దాన్ని ఆఖరికి గాని ఇడువడు. మూడు రోజుల్ల ఆయన మూడుసార్లు ఒట్టు తప్పాలె."

"సాబుకి గది పెద్ద పనా?" అంది పీరమ్మ. ఆ ఏడుపులో కూడా మర్జానుకి నవ్వొచ్చిందట.

పీరమ్మ ఊళ్ళోకొచ్చి సాలెవాడలో చెప్పింది, కుమ్మరివాడలో చెప్పింది, మా దూదేకులవాడలో చెప్పింది. మూడు వాడల్లోనూ జనం మొదట తమ అరచేతులు చూసుకున్నారు. తిన్న ముద్దలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి కాబోలు. తర్వాత కుమ్మరివాడలో ఒక ముసలాయన అన్నాడు, "ఆమె మనల ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు గూడ అడుగుతలేదు. అందుకే పోవద్దు."

మధ్యాహ్నం డప్పు మోగింది. డప్పువాడు సాలెవాడకి పోయాడు. అరుగు మీద కూర్చున్న సాలెలు పొట్ట నిమురుకుని ఒక త్రేన్పు తీశారు. "ఇప్పుడే తిన్నం, ఒక్క మెతుకు కూడ పట్టదు" అన్నారు. కుమ్మరివాడకి పోయాడు. అక్కడా త్రేన్పులే. దూదేకులవాడకి వచ్చాడు. మావాళ్ళయితే గుమ్మాల్లో వరసగా నిలబడి త్రేన్చారు. ఖాళీ కడుపుతో త్రేన్పు తీయడం ఎంత కష్టమో ఒకసారి చేసి చూడండి. డప్పువాడి కడుపులోనూ ఏమీ లేదు. విషయం తెలుసుకుని వాడు కూడా ఒక త్రేన్పు తీసి కోటకి తిరిగి పోయాడు.

"ఒక్కడూ రాలేదా?" అన్నాడు కిల్లేదారు.

"ఊరంత కడుపునిండ ఉంది హుజూర్."

"ఈ కరువులనా? బట్టలిస్త అను."

బట్టలిస్తామన్నా రాలేదు. చిరుగులు కనపడకుండా చేతులు అడ్డం పెట్టుకుని, మా పెట్టెల్లో చోటు లేదన్నారు. బంట్లు పోయి పదిమందిని లాక్కొస్తామన్నారు. ఖాజీ తల అడ్డంగా ఊపాడు. "మెడ పట్టి మింగిపిస్తే అది అన్నం పెట్టినట్టు కాదు."

"అయితే ఉపాసముంట."

"ఉపాసం ఏమీ లేనోనికి. నీకు బానిసలున్నరు."

కిల్లేదారు పళ్ళు కొరుక్కుని ఫిరోజుని వదిలేశాడు. ఖాజీ కాగితం రాసి చేతికిచ్చాడు. ఫిరోజు తలుపు దాకా పోయి, అలవాటుగా తీసి, ఎవరో దాటాలన్నట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. "దాటేది నువ్వే తాతా" అంది చమేలి. "ఇన్నేండ్ల సంది తీసిన గాని, నా కోసం ఎన్నడూ తియ్యలే" అంటూ దాటాడు. బయట పీరమ్మ నిలబడి ఉంది. ఇంటికి తీసుకుపోయింది.

పదిమందికి వండిన అన్నాన్ని కోపంతో గుర్రాల తొట్లో పోయించాడు సాబు. అది చూసిన దగ్గరి నుంచి మర్జాను ముద్ద ముట్టలేదు. ఊరు తినని అన్నం తన నోటికి పోదు అంది.

కోపం వచ్చిన మనిషి ఊరుకుంటాడా? "వల్లాహి, ఈ ఊరోళ్ళ మొకం చూడ" అని మళ్ళీ ఒట్టేశాడు. మంగళవారం పొద్దున ఆయన వసారాలో కూర్చోగానే, కుట్టిన బొంత నెత్తిన పెట్టుకుని పీరమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "సలామ్ సాబ్. బొంత బాగున్నదా చూడుండ్రి" అంది. సాబు చూశాడు. బొంతనీ చూశాడు, పీరమ్మనీ చూశాడు. మూల కూర్చున్న ఖాజీ, "చూసినవ్" అన్నాడు.

మళ్ళీ డప్పు. మళ్ళీ పది విస్తళ్ళు. ఈసారి సాబు బంట్లని బాట మీదికి పంపించాడు. దారిన పోయేవాళ్ళు అయిదుగురు దొరికారు. ఇంకో అయిదుగురు కావాలి. ఆ రోజు గాలి కోట నుంచి ఊరివైపు వీస్తోంది. పప్పు పోపు వాసన మూడు వాడల్లోనూ తిరిగింది. సాలెవాడలో ఒక చంటిది ఆగకుండా ఏడుస్తుంటే దాని తల్లి ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి, కొండవైపు రెండడుగులు వేసి, నిలబడి, వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. పోయినా అనేవాళ్ళు కాదు. ఆ తల్లి పేరు మాకు తెలియకుండా పోయిందే అని మా నాయనమ్మ బాధపడేది.

అయిదుగురు పదిమంది కాలేదు. సాబు మర్జానుని వదిలేశాడు. పొయ్యి దగ్గర చేతులన్నీ కాలి ఉన్నాయి, ఇంక దీంతో ఏం పని అన్నాడు. ఖాజీ కాగితం రాసిచ్చాడు.

"ఇప్పుడు నేను యాడికన్న పోవచ్చునా?" అని అడిగింది మర్జాను.

"ఎటన్న పో."

"అయితే వంటింట్లకి పోత. రేపు కూడ పదిమందికి వండాలె గద. చమేలికి పప్పు చేతగాదు." అంటూ కొంగు దోపుకుని పోయింది. ఖాజీ ఆమె పోయిన వైపే చాలాసేపు చూశాడట. మునక్కాయ కూడా ఒక్కోసారి మెత్తబడుతుంది.

ఇక బుధవారం. మర్నాడే ప్రయాణం. బళ్ళు సిద్ధమయ్యాయి. సాబు తెలివిగా ఆలోచించి, "వల్లాహి, ఇగ నా నోట ఒట్టు రాదు" అన్నాడు. అది ఒట్టే కదా. అయినా నిలబెట్టుకుని ఉంటే పోయేది. గుర్రాన్ని తెచ్చారు. దాని ముందు కాలు కుంటుతోంది. "కుంటుతలేదు హుజూర్" అన్నాడు గుర్రపువాడు. "వల్లాహి కుంటుతుంది" అన్నాడు సాబు. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూలనుంచి ఖాజీ, "విన్న" అన్నాడు.

మిగిలింది ఒక్క మెడే. చమేలిది. ఇంకో మనిషిని కొని వదిలేద్దామంటే సంత పది రోజుల దూరం.

సాబు బంట్లందరినీ గుర్రాలెక్కించి నాలుగు బాటలకీ తోలాడు. దర్గాకి నడిచిపోతున్న ఫకీర్ల గుంపు ఒకటి దొరికింది. తొమ్మిదిమంది. వాళ్ళకి ఈ గొడవేమీ తెలియదు. అన్నం అంటే సంతోషంగా వచ్చారు. తొమ్మిది విస్తళ్ళ ముందు తొమ్మిదిమంది కూర్చున్నారు. పదో విస్తరి ఖాళీగా ఉంది. పొద్దు వాలుతోంది. ఊళ్ళోంచి ఒక్కరూ రావడం లేదు. మర్జాను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పదో విస్తరినే చూస్తోంది. ఇంకాసేపు ఖాళీగా ఉంటే చాలు.

అప్పుడు కిల్లేదారు మొహం వెలిగింది. "ఖాజీ సాబ్, ఒక మాట. నిన్న ఇడిచిన మర్జాను ఇయ్యాల నా బానిసనా?"

"కాదు."

"ఆమెకి ఇల్లున్నదా? పొలమున్నదా? చేతిల గవ్వున్నదా?"

"లేదు."

"అయితే పేదదే గద."

ఖాజీ ఒకసారి మర్జానువైపు, ఒకసారి ఖాళీ విస్తరివైపు చూశాడు. ధర్మం ఎటు తిరిగితే అటు తిరగాల్సిన మనిషి. చివరికి, "పేదదే" అన్నాడు.

"మర్జానూ," అన్నాడు సాబు, "రా. కూర్చో. పదో విస్తరి నీదే."

ఇంత జీవితంలో మర్జాను ఎప్పుడూ విస్తరి ముందు కూర్చోలేదు. పెట్టడమే గానీ పెట్టించుకోవడం ఎరగదు. వచ్చి కూర్చుంది. వడ్డించడానికి ఇంకెవరూ లేరు, చమేలి వచ్చింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది, సగం పప్పు నేల మీద పడింది. తను పెట్టే అన్నం తనకే తాడు అని ఆ పిల్లకి తెలుసు. అయినా వంగి, మర్జాను నేర్పిన మాటే అంది. "నిండకుంటే అడుగమ్మా. అడిగితే పెడత."

మర్జాను తిని రెండు రోజులు దాటింది. ముద్ద కలిపింది. చేయి పైకి లేచింది. ఆకలి చేతికి ఎవరి మాటా వినపడదు. ముద్ద పెదవి దాకా వచ్చింది. వాసన చూసింది. తొమ్మిదిమందీ తింటున్నారు. సాబు చూస్తున్నాడు. ఖాజీ చూడలేక నేల చూస్తున్నాడు. చమేలి కళ్ళు మూసుకుంది.

మర్జాను ఆ ముద్దని మెల్లిగా విస్తట్లో పెట్టేసింది.

"నిండింది" అంది.

కిల్లేదారు గద్దె దిగి వచ్చాడు. "రెండు రోజుల సంది నువ్వు తినలే. నాకు తెల్వదనుకున్నవా? నిండిందంటవేంది?"

"హుజూర్, ఈ ముంగిట్ల ఇన్నేండ్లు వడ్డించిన. ఎవరికి నిండిందో ఎవరికి నిండలేదో మీకంటె నాకే ఎక్కువ ఎరుక. నాకు నిండింది."

సాబు నోరు తెరిచాడు. వల్లాహి అనబోయాడు. అనలేదు. ఆ నల్లని మొహంలోకి, ఆ ఎండిన పెదవుల్లోకి చూసి తలకాయ దించుకున్నాడు. ఇన్నేళ్ళు ఆమె వండింది తిన్నాడు గానీ ఆమె మొహం చూడటం అదే మొదలు కాబోలు. ఖాజీవైపు తిరిగి, "రాయి" అన్నాడు. ఆ మాట వెనక ఒట్టు లేదు, తిట్టు లేదు. ఖాజీ చమేలి కాగితం రాశాడు. రాసేటప్పుడు ఆయన చెయ్యి ఎప్పుడూ లేనంత వేగంగా కదిలిందట.

అడిగితే పెట్టాలని మర్జాను ఎప్పుడూ ఎక్కువే వండేది, గుండిగలో ఇంకా అన్నం మిగిలి ఉంది. మర్జాను దానివైపు చూసింది, సాబువైపు చూసింది. "తీస్కపో" అన్నాడు ఆయన. "ఇగ గది నా ఒట్టు అన్నం కాదు." మర్నాడు సాబు పట్నం పోయాడు. నజరానా లేకుండా వచ్చినందుకు పెద్ద సాబు ఏమన్నాడో మన కథలో లేదు, మనకి అక్కర్లేదు.

మర్జాను ఒక పక్క, చమేలి ఒక పక్క, గుండిగ మోసుకుంటూ కొండ దిగారు. ఊరంతా వాకిళ్ళలో నిలబడి ఉంది. మూడు వాడల మధ్య గుండిగ దించారు. మిగిలిన అన్నం, ఊరికి తలా ఒక్క ముద్ద వచ్చింది. ఎవరి ముద్ద వాళ్ళ చేతిలో ఉంది. ఎవరూ తినడం లేదు. ఇన్నేళ్ళు తెలియక తిన్నవాళ్ళు, ఇప్పుడు తినాలంటే భయపడ్డారు. అప్పుడు పీరమ్మ అడిగింది.

"మర్జానూ, ఈ అన్నం ఎవరి మెడ మీదన్న ఉందా?"

మర్జాను చమేలిని చూసింది, పీరమ్మ పక్కన కూర్చున్న ఫిరోజుని చూసింది.

"లేదు. తినుండ్రి" అంది. తనూ ఒక ముద్ద తీసుకుంది.

ఆ తర్వాత చమేలి వాగు దాటి కన్నవాళ్ళని వెతుక్కుంటూ పోయింది. ఆ ఊరే లేదు, కరువుకి లేచిపోయింది. తిరిగొచ్చి మర్జాను దగ్గరే ఉంది. మా వాడ చివర వాళ్ళకి ఒక గుడిసె వేశారు. ఊళ్ళో పెళ్ళయినా, చావు భోజనమైనా మర్జానే వండేది. పండు ముసలిదై, ఎవరి బానిసా కాకుండా, చమేలి ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. ఆమె సమాధి వాగు గట్టున ఉంది. పేరు చెక్కిన రాయి లేదు. కానీ ఆ దారిన పోతే ఎవరిదని ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అందరం ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళ పిల్లలమే. మా ఒంట్లో రక్తం ఎక్కడిదని అడిగితే నేను అమ్మానాన్నల పేర్లతో పాటు ఆమె పేరూ చెబుతాను. చెప్పకపోతే కళ్ళు పోతాయి.

ఇప్పటికీ మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో భోజనాల బంతి వేసినా, వడ్డన అయ్యాక ఎవరూ వెంటనే చెయ్యి పెట్టరు. బంతిలో అందరికన్నా పెద్ద వయసు మనిషి లేచి అడుగుతారు. "ఈ అన్నం ఎవరి మెడ మీదన్న ఉందా?" వడ్డించినవాళ్ళు "లేదు, తినుండ్రి" అంటారు. అప్పుడు తింటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదేం ఆచారం అని ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వనీయండి.

మా నాయనమ్మ చిన్నప్పుడు దొర ఇంట్లో పెళ్ళి జరిగింది. రెండు వందల విస్తళ్ళు వేశారు. అన్నం, పప్పు, నెయ్యి, అన్నీ పడ్డాయి. ముసలాయన ఒకాయన లేచి మామూలుగా అడిగాడు. "ఈ అన్నం ఎవరి మెడ మీదన్న ఉందా?"

వడ్డించేవాళ్ళు జవాబు చెప్పేలోపు చివరి వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "ఉంది."

ఈదమ్మ అని, దొర ఇంట్లో వెట్టి చేసే మనిషి. ఆమె తండ్రి ఎప్పుడో వేలిముద్ర వేసిన కాగితానికి ఆమె చిన్నప్పటి నుంచి చాకిరీ చేస్తోంది. ఆ మాట అనేసి తల దించుకుని కూర్చుంది.

రెండు వందలమందీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. దొర చుట్టాలు కూడా పెట్టుకున్నారు. పెళ్ళికొడుకు కూడా పెట్టుకున్నాడు. నెయ్యి పేరుకుంది. పప్పు చల్లారింది. ఈగలు వాలాయి. దొర మీసం దువ్వుకుంటూ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, ఎవరైనా ఒక్కడు తింటాడేమో అని చూశాడు. ఒక్కడూ తినలేదు. చివరికి ఇంట్లోకి పోయి కాగితం తెచ్చి, ఈదమ్మ విస్తరి ముందు నిలబడి రెండు ముక్కలు చేశాడు.

ముసలాయన మళ్ళీ అడిగాడు. ఈసారి వడ్డించినవాళ్ళెవరూ నోరు తెరవలేదు. అందరూ చివరి వరసవైపు చూశారు.

"లేదు" అంది ఈదమ్మ. "తినుండ్రి."

చల్లారిన అన్నం, పేరుకున్న నెయ్యి. అంత రుచిగల అన్నం మళ్ళీ ఎప్పుడూ తినలేదని మా నాయనమ్మ పోయేదాకా చెప్పింది.